చివరి మాట చెప్పే కుర్చీ

ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం నా పని. వెనక గోడకు దిండ్లు ఉంటాయి. నేను ఆనుకోను. ఆనుకుని విప్పితే కొంగు సరిగ్గా పరుచుకోదని కొత్తగా పనిలో చేరినవాళ్లకు చెప్తుంటాను గాని, అసలు సంగతి అది కాదు. మా ఇంట్లో మగవాళ్లెవరూ నలుగురిలో కూర్చున్నప్పుడు వెనక్కి ఆనుకోలేదు. భూములు పోయాయి, ఇల్లు పోయింది. వెన్ను ఇంకా నాదే.

అంగట్లో తోటివాళ్లు నన్ను 'కమిటీ సారూ' అని పిలిచేవాళ్లు. అందులో కొంత ఎగతాళి ఉండేది. ఉండనీ అనుకునేవాణ్ణి. ఏడాదికొకసారి, ఎండాకాలం చివర్లో, అడ్మిషన్లు మొదలు కాకముందు, నేను సెలవు పెట్టి కదిరి బస్సెక్కేవాణ్ణి. కదిరి నుంచి నల్లమాడ వైపు పోయే దారిలో, రాళ్లగుట్టల మధ్య, చర్చివాళ్ల కాలేజీ ఉంది. ఆ కాలేజీ పాలకమండలిలో మా ఇంటికొక కుర్చీ. తాత తరవాత నాయన, నాయన తరవాత నేను. మేము చర్చివాళ్లం కాదు. ఆ నేల మా తాత ఇచ్చింది, అంతే.

ఆ నేల కథ చెప్తాను. కరువు ముదిరిన ఒక ఏడాది, తిండి లేక వదిలేసిన పిల్లల్ని వెంటేసుకుని ఒక తెల్లపాదిరి ఆ పక్కకు వచ్చాడు. గుడారాలు వేసుకుని గంజి కాచి పోసేవాడు. పిల్లలు ఎక్కువయ్యారు, గుడారాలు చాల్లేదు. తాత దగ్గరికి వచ్చి స్థలం అడిగాడు. తాత గుట్ట కింద చౌడు నేల చూపించాడు. చెనక్కాయ, అదే వేరుశనగ, కూడా పండని నేల. ఇచ్చినా నష్టం లేదు, ఇచ్చినట్టు పేరుంటుంది అనుకున్నాడట. ఈ మాట నాయన నాకు నవ్వుతూ చెప్పాడు. మా ఇంట్లో తాతను గురించి నవ్వుతూ చెప్పే మాట అదొక్కటే.

పాదిరి అక్కడ బావి తవ్వించాడు. బండ పగలగొట్టుకుంటూ ఏడాది పొడుగునా తవ్వించి, చివరికి ఊట పట్టాడు. తాతకు ఆ చౌడు నేల కింద నీళ్లున్నాయని నమ్మకం కుదర్లేదు, గుర్రం మీద పోయి స్వయంగా చూసి వచ్చాడు. పాదిరి బావికి ఒక నియమం పెట్టాడు. ఎవరైనా చేదుకోవచ్చు, ఏ కులమైనా సరే. తాత దానికి అడ్డు చెప్పలేదు. కానీ ఆ నీళ్లు ఆయన ఎప్పుడూ తాగలేదు.

గుడారాల బడి పెంకుల బడి అయింది. తరవాత హైస్కూలు, టీచర్ ట్రైనింగు, ఆ తరవాత డిగ్రీ కాలేజీ. పాదిరి పోయాడు, ఆయన దేశం నుంచి డబ్బు రావడం ఆగింది, ఇక్కడి చర్చి సంఘాలే దాన్ని ఎత్తుకున్నాయి. చుట్టుపక్కల గ్రామాల్లో చర్చికి వచ్చేవాళ్లు కూలి చేసుకుని బతికేవాళ్లు. పంట వచ్చిన ఏడాది గింజలు, రాని ఏడాది కూలి లేకుండా చేతిపని ఇచ్చారు. కాలేజీ హాలుకు రాళ్లు మోసింది వాళ్లే. ఈ మాట నేను చిన్నప్పటి నుంచి విన్నదే, దాచాల్సిన పనిలేదు. మేము నేల ఇచ్చాం, వాళ్లు గోడలు ఇచ్చారు.

పాలకమండలికి పాదిరి పెట్టిన పద్ధతులు రెండు ఇప్పటిదాకా నడిచాయి. ఒకటి రాయి. బావి లోపలి గోడలో ఒకచోట పొడుగ్గా బయటికి వచ్చిన రాయి ఉంది. ఎండాకాలం చివర్లో సమావేశం రోజు ఆ రాయి నీళ్లలో మునిగి ఉంటే హాస్టల్లో కొత్తవాళ్లను ఎక్కువగా చేర్చుకోవచ్చు. రాయి బయటికి కనపడుతుంటే, చదువు ముగించుకుని పోయినవాళ్ల స్థానంలో మాత్రమే చేర్చుకోవాలి. అంతకు మించి ఒక్కరిని కూడా తీసుకోకూడదు. నీళ్లు లేని చోటికి పిల్లల్ని పిలవడం పాపమని పాదిరి అనేవాడట. రాయిని చూసి చెప్పేది మా ఇంటి మనిషే. చర్చి మనిషి చెప్తే చర్చికి పిల్లలు కావాలి గనక మునిగిందంటాడు. జీతగాడు చెప్తే ఫీజు కావాలి గనక మునిగిందంటాడు. ఏ అక్కరా లేని మనిషి చెప్పాలని మా తాతను పెట్టాడు.

రెండోది వరస. సమావేశంలో ఓట్లు వేయడం ఉండదు. ఒక్కొక్కరూ వరసగా తమ మాట చెప్తారు. బిషప్పు చివరికి ముందు చెప్తారు. అందరికన్నా చివర మా ఇంటి కుర్చీ. మేము 'సరే' అన్నాకే అది తీర్మానం అయ్యేది. తాతకు ఆ చివరి మాట అంటే ఎంత గర్వమో నాయన చెప్పేవాడు. ఆ గర్వం నాకూ వచ్చింది.

ఇక మిగతావన్నీ పోయాయి. నాయన నీళ్ల కోసం బోరు మీద బోరు వేయించాడు. ఒక బోరు కోసం ఒక చేను అమ్మేవాడు, ఆ బోరూ ఎండేది, ఇంకో చేను అమ్మేవాడు. ఆయనను ఎవరూ ఆపలేకపోయారు, నేనూ ఆపలేదు, ఆపాల్సిందని కూడా అనుకోను. నీళ్ల కోసం నేలను తవ్వినవాడు తప్పు చేసినవాడు కాడు. ఇల్లు చెనక్కాయల వ్యాపారి కొన్నాడు. ఇప్పుడది గోడౌను. ఆ వీధిలో నుంచి పోవాల్సి వస్తే తల తిప్పుకోను, నేరుగా చూసుకుంటూ పోతాను.

ఈ ఏడాది ఎండలు మొదలైనప్పుడు కాలేజీ రిజిస్ట్రారు అంగడికి వచ్చాడు. మర్యాదస్తుడు, అనంతపురంలో చదువుకుని పైకి వచ్చినవాడు. కూతురి పెళ్లికి చీర కావాలన్నాడు. నేను చీరలు విప్పుతుంటే, చూస్తున్నట్టే చూస్తూ అసలు మాట ఎత్తాడు. కాలేజీకి యూనివర్సిటీ హోదా వస్తోంది. చట్టం ప్రకారం చర్చి సంస్థ దానికి ప్రాయోజక సంస్థగా ఉంటుంది, ఛాన్సలరు ఉంటాడు, కొత్త పాలకమండలి ఉంటుంది, చదువుల విషయాలకు వేరే మండలి ఉంటుంది. కొత్త మండలిలో వంశపారంపర్యంగా వచ్చే కుర్చీలు ఉండకూడదు. కాబట్టి పాత మండలి తనంతట తాను రద్దయి, కొత్త నియమాలను ఒప్పుకోవాలి. అందుకు అందరి మాటా కావాలి.

"అంటే నా మాట గూడా," అన్నాను.

"మీ మాటే ఆఖరిది గదా సార్. మీరు సరే అనకపోతే ఏమీ కాదు. మిమ్మల్ని మర్చిపోతామనుకోవద్దు. ప్రతి ఏడాదీ స్నాతకోత్సవానికి ముందు వరసలో కూర్చోబెడ్తాం. జీవితాంతం."

"ముందు వరసలో కూర్చుని ఏం చేయల్ల?"

ఆయన చీర కొంగు తిప్పి చూశాడు. చీర నచ్చిందన్నాడు, కొంచెం తగ్గించమన్నాడు. తగ్గించలేదు. ఆ చీర అంతకన్నా తక్కువకు పోదు, దాన్ని నేసినవాళ్లు నాకు తెలుసు.

సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్తే నా భార్య వంటింట్లోంచే అంది, "ఆ కుర్చీ వల్ల మనకేమొచ్చింది ఇన్నేండ్లు? బస్సు చార్జీ గూడా ఇయ్యరు."

"అది పోతే మనకేం మిగుల్తాదో అడుగు," అన్నాను.

ఆమె బయటికి వచ్చి నన్నొకసారి చూసి, మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెకు తెలుసు. మా ఇంటి పేరు చెప్తే ఇంకా ఎవరో ఒకరు లేచి నిలబడే చోటు అదొక్కటే. దాన్ని వదలకూడదని నేను నిర్ణయం చేసుకున్నాను. యూనివర్సిటీ కావాలంటే కుర్చీ ఉంచి చేసుకోమని చెప్పాలి, లేదంటే కాలేజీగానే ఉండనీ. అది నా హక్కు. హక్కును వాడుకోవడానికి నాకు భయం లేదు.

సమావేశం రోజు ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పోయాను. గేటు దగ్గర కొత్త ఆర్చి కడుతున్నారు. పునాది రాయి మీద ఎవరి పేర్లు చెక్కాలో ఇంకా తేలలేదని వాచ్‌మన్ చెప్పాడు. ఆనవాయితీ ప్రకారం ముందు అందరం బావి దగ్గరికి నడిచాం. బిషప్పు అయ్యవారికి ఒకరు గొడుగు పట్టారు. రిజిస్ట్రారు ఫైళ్లతో ముందు నడుస్తున్నాడు. పాస్టర్లు, పాత విద్యార్థుల తరఫున ఒక లాయరు, గ్రామాల్లోని చర్చి సంఘాల తరఫున టీచరమ్మ.

టీచరమ్మ గురించి చెప్పాలి. రిటైరైన ఎలిమెంటరీ స్కూలు టీచరు, నాకన్నా పదేండ్లు పెద్ద. ఆమె ఊరు కాలేజీకి ఆనుకునే ఉంటుంది. ఆమె నాయన మా చేన్లలో పని చేశాడు, మా నాయనను 'దొరా' అనేవాడు. ఈమె నన్ను 'ఏమప్పా' అంటుంది. మొదటిసారి విన్నప్పుడు చెవికి కొత్తగా అనిపించింది. తరవాత అలవాటైంది. మాట కటువు, కానీ అబద్ధం ఉండదు.

బావి గట్టు మీద చేతులు పెట్టి లోపలికి వంగి చూశాను. రాయి మునిగి ఉంది. నీళ్లు దాని పైన నిండుగా, కదలకుండా ఉన్నాయి. ఇన్నేండ్లలో ఎండాకాలం చివర అంత నీళ్లు నేను చూడలేదు. వెనక రిజిస్ట్రారు మెల్లగా, "దేవుడి దయ," అన్నాడు.

నేను లేవలేదు. ఇంకా చూస్తున్నాను. బావి గోడలో రాళ్ల సందుల్లో పావురాలు గూళ్లు పెట్టుకుంటాయి. నీళ్లు తగ్గేకొద్దీ అవీ కిందికి దిగుతాయి, చల్లగా ఉంటుందని. ఊట నీళ్లు పైకి వచ్చేటప్పుడు మెల్లగా, రోజుల తరబడి వస్తాయి. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయే టైము ఉంటుంది. ఇప్పుడు నీళ్ల మీద గూళ్ల పుల్లలు తేలుతున్నాయి. రెక్కలు రాని ఒక పావురం పిల్ల, తడిసి, ఒక మూలకు కొట్టుకుపోయి ఉంది. తల్లి పావురం గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది, ఎగిరిపోవడం లేదు. నీళ్ల అంచు పైన గోడంతా తడి మరకలు, పైనుంచి కిందికి కారినట్టు.

లేచి నిలబడ్డాను. ఆనవాయితీ ప్రకారం నేను చెప్పాల్సిన మాట రెండింట్లో ఒకటి. మునిగింది, లేకుంటే కనపడుతుంది.

"రాయి మునిగింది," అన్నాను. "నీళ్లు రాలేదు."

ఎవరికీ అర్థం కాలేదు. బిషప్పు అయ్యవారు గొడుగు కింది నుంచి ముందుకు వచ్చి, అంటే ఏమిటి బాబూ అని అడిగారు. బావిలో నీళ్లు ఊరలేదని, పైనుంచి పోశారని, పావురాల గూళ్లు చూడమని చెప్పాను. ఆయన గట్టు దగ్గరికి వచ్చి చూశారు. ఆ తల్లి పావురం ఆయన చెయ్యి తగిలేంత దగ్గరున్నా లేవలేదు. ఆయన చాలాసేపు వంగి చూసి, లేచి, రిజిస్ట్రారు వైపు తిరిగారు.

మాట్లాడింది టీచరమ్మ. "మా ఊరికి వచ్చే ట్యాంకర్లు యాడికి పోయినాయో ఇప్పుడు తెలిసింది. నిన్న, మొన్న బిందెలు వరస పెట్టుకోని రోడ్డు మీద కూచున్యారు మావోళ్లు. ట్యాంకరు తోలే ట్రాక్టరాయనను అడిగితే బోరు మోటరు కాలిపోయింది అన్నాడు."

రిజిస్ట్రారు దాచలేదు. అది ఆయనలో మంచి గుణం. యూనివర్సిటీ హోదా కోసం తనిఖీ బృందం వచ్చే వారం వస్తోందని, చరిత్ర ఉన్న బావిని వాళ్లకు చూపించాలని, ఎండిన బావిని చూపిస్తే బాగుండదని ట్యాంకర్లు పిలిపించానన్నాడు. సమావేశం కూడా అప్పుడే పడింది. రాయి మునిగి ఉంటే ఆనవాయితీకి ఆనవాయితీ, సీట్లకు సీట్లు అనుకున్నానని, కాలేజీలో బోర్లున్నాయి, పైపులైను ఉంది, ఈ రోజుల్లో ఆ రాయి మర్యాద కోసమే గదా అన్నాడు. ఆయన తన కోసం చేసుకోలేదు. సంస్థకు మంచి జరగాలని చేశాడు. చర్చి సంస్థల్లో పనిచేసినవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు అది. నమ్మకాన్ని కాపాడాలని, ఆ నమ్మకం దేనికోసం ఉందో దాన్నే నీళ్లలో ముంచడం.

హాల్లోకి వచ్చి కూర్చున్నాం. కొత్త నియమాల మీద మాట మొదలైంది. పాస్టర్లు ఒక్కొక్కరూ సరే అన్నారు. లాయరు రెండు చిన్న మార్పులు అడిగి సరే అన్నాడు. టీచరమ్మ వంతు వచ్చింది.

"యూనివర్సిటీ అయితే నాకు సంతోషమే," అని మొదలుపెట్టింది. తన ఊరి పిల్లలు అనంతపురానికి, తిరుపతికి పోకుండా ఇక్కడే పెద్ద చదువులు చదువుతారని, అందుకోసం ఈ గోడలకు రాళ్లు మోసిన తన అవ్వ కూడా సంతోషపడేదని చెప్పింది. ఆ తరవాత నా వైపు తిరిగింది. "ఆ కుర్చీ పోతాందని నీకు బాధగా ఉండాది గదప్పా?"

"నా సంగతి చివర చెప్తాను. నా వంతు అదే గదా," అన్నాను.

"అదే అడుగుతాండా. నీ వంతు చివర ఎందుకు పెట్టినాడో తెలుసా పాదిరి?"

"గౌరవం."

ఆమె నవ్వింది. పెద్దగా కాదు. "మా అవ్వ పాదిరికి వంట చేసేది. ఆయన చెప్పిన మాట అది. మీ తాత ముందర మాట్లాడితే మావోళ్లు ఒక్కరు గూడా నోరు తెరవరని చివర పెట్టినాడు. మావోళ్లందరూ చెప్పుకున్యాక మీ తాత వినల్లని."

పాస్టర్లు బల్ల వైపు చూస్తున్నారు. ఎవరో దగ్గారు. మూడు తరాలుగా మా ఇంట్లో గౌరవం అనుకున్నది, పాదిరి చేసిన ఒక జాగ్రత్త. నాకు ముఖం వేడెక్కింది, అది నిజమే. కానీ వెన్ను వంగలేదు. మా తాత ముందుగా మాట్లాడి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించాను. ఆ కాలంలో ఆయన ఎదుట చాలామంది నోరు తెరవలేదు. మా ఊర్లో ఇప్పటికీ ముసలివాళ్లు ఆ మాట చెప్తారు.

"అట్లయితే మంచి పని చేసినాడు పాదిరి," అన్నాను. "మా తాత అన్నీ విన్యాడు గదా."

"విన్యాడు," అంది టీచరమ్మ. "ఆ బాయి నీళ్లు మాత్రం తాగలేదంట."

"తాగలేదు. మా నాయన తాగినాడు. నేనూ తాగినా. తాగనోడు గూడా నీళ్లు లేకుంటే లేవని చెప్పినాడు. ఆ మాటలో అబద్ధం లేదు."

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, లెక్కలో వేసుకున్నట్టు. కొత్త నియమాలకు తాను సరే అంటానని, కానీ రాయి మాట పోతే సరే అననని చెప్పింది. బిషప్పు అయ్యవారి వంతు వచ్చింది. ఆయన అందరి మాటా మళ్లీ ఒకసారి మెల్లగా చెప్పి, తాను సరే అన్నారు. ఇక నేను.

కుర్చీలోంచి లేచాను. పొద్దున బస్సులో కూర్చుని తయారు చేసుకున్న మాట వేరు. ఆ మాట అప్పటికే పాతబడింది. బావి గట్టు మీద నేను ఏ మాట చెప్పానో అది నా కుర్చీ వల్ల చెప్పిన మాట కాదు, నాకు జీతం లేదు గనక, చర్చి లేదు గనక, హాస్టల్లో నా పిల్లలెవరూ లేరు గనక చెప్పిన మాట. పాదిరికి కావాల్సింది మా వంశం కాదు, ఏ అక్కరా లేని మనిషి. ఆ రోజుల్లో ఆయనకు దొరికిన అలాంటి మనిషి మా తాత.

నా షరతు చెప్పాను. వంశపారంపర్యం కుర్చీ తీసేయండి, అభ్యంతరం లేదు. కానీ యూనివర్సిటీ నియమాల్లో రాయి మాట ఉండాలి. ప్రతి ఏడాదీ బావిని చూసి చెప్పే మనిషి చర్చి సభ్యుడై ఉండకూడదు, ఇక్కడ జీతం తీసుకునేవాడై ఉండకూడదు, నీళ్లు అమ్మేవాడై ఉండకూడదు. ఆ మనిషిని ఎవరు ఎంచుకోవాలో మీరు తేల్చండి. ఈ ఏడాది మాత్రం రాయి కనపడినట్టే లెక్క. హాస్టల్లో కొత్త సీట్లు లేవు.

రిజిస్ట్రారు లేచి, యూనివర్సిటీ నియమాల్లో బావిని పెడితే పై అధికారులు నవ్వుతారని, ఇంజనీరింగ్ బ్లాకుకు హాస్టలు నిండాల్సిందేనని అన్నాడు. "నవ్వనీ సార్," అన్నాడు లాయరు. "నవ్వి సంతకం పెడ్తారు." ఎవరు ఎంచుకోవాలన్న దానికి టీచరమ్మ ఒక్క మాటలో చెప్పింది. "ఈ నేల నీళ్లు తాగే ఊర్లు."

రిజిస్ట్రారు అప్పటికప్పుడు కాగితం మీద రాసుకున్నాడు. నేను 'సరే' అన్నాను. మా ఇంటి కుర్చీ నుంచి వచ్చిన చివరి 'సరే' అదే.

బయటికి వస్తుంటే టీచరమ్మ నా పక్కన నడిచింది. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక చుట్టుపక్కల ఊర్లవాళ్లు తన ఊర్లో కూడతారని, మనిషిని ఎంచుకుంటారని చెప్పింది. "నువ్వు గూడా అడగొచ్చు. నీకు చర్చి లేదు, జీతం లేదు, ట్యాంకరు లేదు."

"మా ఇంట్లో ఎవురూ ఎవుర్నీ అడగలేదు టీచరమ్మా."

"అందుకే వచ్చి అడగమంటాండా."

ఇంటికి వచ్చి నా భార్యకు అన్నీ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "అడుగు," అంది. "ఆడ అడగడానికి సిగ్గుపడేది నువ్వు కాదు, మీ తాత." ఆ మాట నాకు నచ్చింది.

ఆదివారం బస్సులో పోయాను. వాళ్ల చర్చి ముందు రేకుల పందిరి ఉంది. నాలుగైదు ఊర్ల నుంచి మనుషులు వచ్చారు, చర్చికి పోయేవాళ్లు, పోనివాళ్లు. పెద్దలు కుర్చీల్లో, మిగతావాళ్లు చాప మీద. నాకు కుర్చీ వేశారు, నేను చాప మీద కూర్చున్నాను. నిటారుగా కూర్చోవడానికి చాప మేలు. ముందు ట్రాక్టరాయన తనను ఎంచుకోమన్నాడు. ట్యాంకరు నీళ్లు అమ్ముకునేవాడు బావి చూసి చెప్తే ప్రతి ఏడాదీ రాయి బయటే ఉంటుందని ఒక ఆడమనిషి అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వి కూర్చున్నాడు. తరవాత ఒక గొర్రెలాయనను అడిగారు. తన గొర్రెలు ఆ టైములో కర్నాటక వైపు పోతాయని, తాను ఉండనని అన్నాడు.

నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. నేనెవరో చాలామందికి తెలుసు, తెలియనివాళ్లకు చెప్పాను. ఇంతకుముందు ఆ మాట చెప్పేది మేమే అని, ఇప్పుడు ఆ హక్కు లేదని, మీరు ఇస్తే చేస్తానని, నిజం చెప్తానని అన్నాను. నా నోటి నుంచి 'మీరు ఇస్తే' అనే మాట బయటికి రావడానికి కొంచెం కష్టపడింది. వచ్చాక తేలిగ్గా ఉంది.

వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు. "మా ఊర్లో నీళ్లు లేని ఏడాది, కాలేజీవోళ్లు వచ్చి రాయి మునిగిందని చెప్పు, ఫలానాది ఇస్తాం అంటే ఏం చెప్తావ్?"

"ఏం ఇస్తారో వాళ్లు నోరు తెరవకముందే, రాయి కనపడతాందని అందరి ముందర చెప్తా."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇట్లాంటి మాటలు మీ తాత గూడా మాకు చానా చెప్పినాడు," అన్నాడు. నేను మళ్లీ చాప మీద కూర్చున్నాను.

టీచరమ్మ చేతులెత్తమంది. చాలామంది ఎత్తారు. ఆ ముసలాయనా, ఆయన పక్కన ఉన్నవాళ్లు కొందరూ ఎత్తలేదు. మూడేండ్లకు అని తేల్చారు. మూడేండ్ల తరవాత మళ్లీ అడగాలి. తాతకు ఆ కుర్చీ ఒక విదేశీయుడు ఇచ్చాడు. నాయనకూ నాకూ తాత వల్ల వచ్చింది. నాకు ఇప్పుడు ఇచ్చింది మా చేన్లలో పని చేసినవాళ్ల పిల్లలు, మనవలు. ఇది అన్నింటికన్నా గట్టి కుర్చీ అని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ధర్మవరంలో సోమవారం ఈ సంగతి అంగట్లో చెప్తే, తోటివాళ్లు 'అయితే ఇంక నువ్వు ఎలక్షన్ కమిటీ సారువు' అన్నారు. ఆ ఎగతాళిని కూడా నేను గర్వంగానే పెట్టుకున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే ఆ ముసలాయన కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. చెయ్యి ఎందుకు ఎత్తలేదో చెప్పడానికి వచ్చానన్నాడు. చెప్పాల్సిన పనిలేదన్నాను. చెప్పాలన్నాడు. నాకు కోపం రాకూడదని కాదు, ఆ మాట నా ఎదుట చెప్పలేదని తర్వాత ఎవరూ అనకూడదని. మా తాత కాలంలో ఒక ఎండాకాలం, మా ఇంటి బావి దగ్గర, ఆయన అమ్మకు నీళ్లు పోయకుండా వాకిట్లోంచే వెనక్కి పంపారట. అప్పుడు ఆమె కడుపులో ఉన్నది ఈయనే.

నేను విన్నాను. మా తాత కూడా ఇలాగే వినాల్సి ఉండేదని ఆ పాదిరి అనుకుని ఉంటాడు.

"వచ్చే ఏడాది బాయి చూసే దినం నువ్వు గూడా నాతో పాటు రా," అన్నాను. "నేను చెప్పేది నిజమో కాదో నువ్వే చూద్దువు."

బస్సు మలుపు తిరిగి వస్తోంది.

"వస్తా," అన్నాడు. "నీకన్నా ముందే వస్తా."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన అక్కడే నిలబడ్డాడు. చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు.